డిమెన్షియా రంగంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న అడిగినవారు: వంశధార

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో ఎమ్మెస్సీ సైకాలజీ చివరి సెమిస్టరులో ఉన్నాను. మాది శ్రీకాకుళం దగ్గర ఒక పల్లె. మా నాయనమ్మకు డిమెన్షియా ఉందని నిరుడు తేలింది. అంతకు మూడేళ్ళ ముందు నుంచే ఆమె ఒకే మాటను పదిసార్లు అడగడం, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోవడం, తన కాసులపేరు కోడలు తీసి దాచిందని ఇరుగుపొరుగు వారితో చెప్పడం జరుగుతూనే ఉన్నాయి. మేమందరం దాన్ని చాదస్తం అనుకుని ఊరుకున్నాం. మా అమ్మ మాత్రం ఆ నిందను మనసులో పెట్టుకుని రెండేళ్ళ పాటు అత్తగారితో ముక్తసరిగా మాట్లాడుతూ వచ్చింది. జబ్బు పేరు తెలిసిన రోజున ఆ రెండేళ్ళూ తలచుకుని ఏడ్చింది.

నాయనమ్మను ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువెళ్ళినప్పుడు నేనూ గదిలోనే ఉన్నాను. పరీక్ష పది నిమిషాల్లో ముగిసింది. నూటిలోంచి ఏడేడు చొప్పున తీసివేస్తూ పొమ్మన్నారు, కాగితం మీద బొమ్మ చూపించి అలాగే గీయమన్నారు, ఏదైనా ఒక వాక్యం రాయమన్నారు. ఆమె బడి గడప తొక్కిన మనిషి కాదు, ఏనాడూ పెన్ను పట్టలేదు. ఈరోజు తారీఖు ఎంత అని అడిగితే "రేపు ఏకాశి గదమ్మా" అంది. ఆ జవాబుకు సున్నా వేశారు. ఇంటికి వచ్చి పంచాంగం చూస్తే మరునాడు నిజంగానే ఏకాదశి. అప్పటి నుంచి నాకు ఈ రంగంలోనే పనిచేయాలన్న ఆలోచన పట్టుకుంది.

నాకున్న సందేహాలు ఇవి. ఎమ్.ఫిల్. ఎత్తివేస్తున్నారని ఒకరు, ఇంకా ఉందని ఒకరు అంటున్నారు కనుక ఏ దారిలో వెళ్ళాలో తెలియడం లేదు. నయం కాని జబ్బులో, మందు రాసే అధికారం లేని సైకాలజిస్టు చేసే పని నిజంగా ఏమిటన్నది రెండో సందేహం. మా మాస్టారు ఒకరు "పరీక్ష చేసి రిపోర్టు ఇవ్వడమేనమ్మా" అని తేల్చేశారు. ఈ ఒక్క పని మీద బతకడం సాధ్యమా అన్నది మూడోది. ఇంట్లో మనిషికి జబ్బు వచ్చింది కనుక ఈ వృత్తిలోకి రావాలనుకోవడం సరైన కారణమేనా అన్నది అన్నిటికన్నా నన్ను ఎక్కువగా వేధిస్తున్న ప్రశ్న. అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.


జవాబు 1: మూసీ ఒడ్డున

వంశధార గారూ, నేను హైదరాబాద్‌లో పన్నెండేళ్ళుగా క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. గత ఏడేళ్ళుగా నా దగ్గరికి వచ్చేవారిలో అరవై దాటినవారే ఎక్కువ. మీ మొదటి సందేహం అన్నిటికంటే పొడిగా ఉంటుంది, కానీ దాన్ని తేల్చుకోకుండా మిగతావి మాట్లాడుకుని ప్రయోజనం లేదు.

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ రిజిస్టరులో పేరు ఉండాలి. 1992 నాటి చట్టం ప్రకారం నమోదు లేకుండా పునరావాస వృత్తి నిపుణులుగా పనిచేయడం శిక్షార్హం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా క్లినికల్ సైకాలజిస్టు అనే మాటను ఆర్‌సీఐ ఆమోదించిన చదువుతోనే ముడిపెట్టింది. కాబట్టి ఎమ్మెస్సీతోనో, విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి తెచ్చుకున్న మామూలు పీహెచ్‌డీతోనో ఆ పేరు పెట్టుకోవడం కుదరదు. ఇన్నేళ్ళుగా ఉన్న రాజమార్గం రెండేళ్ళ ఎమ్.ఫిల్.; పీజీలో సాధారణంగా 55 శాతం మార్కులు, ఆపైన ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. యూజీసీ 2022 నిబంధనలతో ఎమ్.ఫిల్. డిగ్రీనే ఆపివేసినా, క్లినికల్ సైకాలజీకీ, సైకియాట్రిక్ సోషల్ వర్కుకూ 2025–26 విద్యా సంవత్సరం వరకు మినహాయింపు ఇచ్చింది. మీరు విన్న రెండు మాటలూ అక్కడి నుంచి పుట్టినవే. ఆ పక్కనే ఆర్‌సీఐ ఆమోదంతో నడిచే సై.డీ., అంటే క్లినికల్ సైకాలజీలో వృత్తి డాక్టరేటు కూడా ఉంది. మీరు దరఖాస్తు చేసే ఏడాదిలో ఏ కోర్సుకు, ఏ సంస్థకు ఆమోదం ఉందో ఆర్‌సీఐ వెబ్‌సైటులోని జాబితాలో మీ కళ్ళతో చూసుకున్నాకే ఫీజు కట్టండి. కళాశాల బ్రోచరును నమ్మవద్దు. ఇంకొక చిన్న హెచ్చరిక: సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థలో ఎమ్.ఫిల్. అనగానే కొందరు పరుగెత్తేవారు. అక్కడ నడిచింది పునరావాస మనస్తత్వశాస్త్రం. మంచి చదువే, కానీ మీరు అడుగుతున్నది అది కాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. "పరీక్ష చేసి రిపోర్టు ఇవ్వడమే" అన్న మాట సగం నిజం, ఆ సగంలో కూడా చాలా పని ఉంది. మా దగ్గరికి "మతిమరుపు" అని వచ్చేవారిలో కొందరికి డిమెన్షియా ఉండదు. ఒకరికి బి12 తక్కువగా ఉంటుంది, ఒకరికి థైరాయిడ్ సమస్య, ఇంకొకరు భర్త పోయిన దుఃఖంలో మునిగి ఏ మాటా చెవికెక్కించుకోని స్థితిలో ఉంటారు. రక్తపరీక్షలు, స్కానింగు వైద్యులు చూసుకుంటారు. దిగులు వల్ల వచ్చిన మరుపుకూ మెదడు జబ్బు వల్ల వచ్చిన మరుపుకూ తేడా పట్టుకోవడం మన పని. దిగులులో ఉన్న మనిషి "నాకేమీ గుర్తుండటం లేదు, నా వల్ల కాదు" అని తానే చెప్పుకుంటుంది, కాస్త ఆధారం అందిస్తే జవాబు చెబుతుంది. డిమెన్షియాలో ఒక రకమైన అల్జైమర్స్ ఉన్న మనిషి తనకేమీ లేదని నవ్వుతూ మాట దాటేస్తుంది, మీరు ఎంత ఆధారం అందించినా ఆ మాట తిరిగి రాదు. అందరిలోనూ ఇలాగే ఉంటుందని కాదు, కానీ గదిలో నా కళ్ళు మొదట వెతికేది దీనినే.

మీ నాయనమ్మ గారి ఏకాదశి సంగతి చదివి కాసేపు ఆగిపోయాను. పరీక్ష చేసినవారు సున్నా వేయడం నియమం ప్రకారం తప్పు కాకపోవచ్చు, ఎందుకంటే అక్కడ అడిగింది తారీఖు. కానీ ఆ జవాబును మార్జిన్‌లో ఉన్నదున్నట్టు రాసుకోకపోవడం మాత్రం తప్పే. కాలం తెలుసునా లేదా అన్నది ప్రశ్న అయితే, తిథి చెప్పిన మనిషికి కాలం తెలుసు. అయితే దాన్ని పట్టుకుని జబ్బు లేదనుకోవడానికీ వీల్లేదు. నలభై ఏళ్ళుగా ఏకాదశి ఉపవాసం ఉన్న మనిషికి ఆ లెక్క చివరిదాకా నిలుస్తుంది, లేదా ఆ పొద్దున ఎవరో పూజగదిలో అనగా విని ఉండవచ్చు. చదువు రాని వారి చేత బొమ్మ గీయించి, వాక్యం రాయించి మార్కులు కోయడం ఇప్పటికీ చాలాచోట్ల జరుగుతోంది. దానికి మందు లేకపోలేదు: భారత వైద్య పరిశోధన మండలి తయారు చేయించిన న్యూరోకాగ్నిటివ్ టూల్ బాక్సు హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళాలతో పాటు తెలుగులోనూ ఉంది. దాన్ని నేర్చుకోండి.

మిగిలిన సగం గురించి ఒక్క ఉదాహరణ చెబుతాను, గుర్తుపట్టే వివరాలు మార్చేశాను. డెబ్బై తొమ్మిదేళ్ళ ఒక అమ్మగారు స్నానం అనగానే అరిచి, గోళ్ళతో రక్కి, కోడలి చేయి కూడా కొరికారు. నిద్రమాత్ర పెంచమని కుటుంబం అడుగుతోంది. ఇలాంటి ప్రవర్తనకు ఇచ్చే యాంటీసైకోటిక్ మందుల (అసలు తీవ్ర మానసిక రుగ్మతలకు వాడేవి) వల్ల డిమెన్షియా ఉన్న వృద్ధులకు ప్రాణాపాయం పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరిక వేసింది కనుక, వాళ్ళ సైకియాట్రిస్టు నన్ను ముందుగా చూడమన్నారు. నేను వాళ్ళింటికి వెళ్ళాను. కొత్త ఫ్లాటు, స్నానాల గదిలో గోడకు షవరు, కింద తళతళలాడే తెల్లటి టైల్సు. ఆమె జన్మంతా పెరట్లో కాగులో కాచిన నీళ్ళు బకెట్లోకి తొరుపుకుని, ముక్కాలి పీట మీద కూర్చుని, తన చేత్తో చెంబుతో పోసుకున్న మనిషి. తల మీద హోరున పడే నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఆమెకు తెలియడం లేదు, తెల్లటి నేల మీద ఎక్కడ అడుగు పెట్టాలో తెలియడం లేదు, పైగా ఎవరో బట్టలు విప్పుతున్నారు. షవరు కట్టేసి, ముదురు రంగు రబ్బరు చాప పరిచి, పీట వేసి, బకెట్ పెట్టి, ఇత్తడి చెంబు ఆమె చేతికే ఇవ్వమని, ఒంటి మీద పలచటి పాత చీర ఒకటి కప్పి ఉంచమని చెప్పాను. మూడో రోజుకు రక్కడం ఆగింది. తల మీద నీళ్ళు మాత్రం చివరిదాకా పోయనివ్వలేదు, ఆ ఒక్కదానికీ తడిగుడ్డతో సరిపెట్టుకున్నారు. ఆ ఇంట్లో నేను మందు రాయలేదు, పరీక్ష చేయలేదు. ఇది సైకాలజీయే. ప్రవర్తనకు ముందు ఏం జరిగింది, తరువాత ఏం జరిగింది అని వరసగా రాసుకుని చూడటం మీరు ఎమ్మెస్సీలో చదివే ఉంటారు, కాకపోతే అది స్నానాల గదిలో చెంబు రూపంలో ఉంటుందని పుస్తకం చెప్పదు.

బతుకుతెరువు మాట దాచను. డిమెన్షియా ఒక్కదానితో మొదటి ఐదేళ్ళూ ఇల్లు గడవదు. నేను వారానికి నాలుగు రోజులు ఒక జనరల్ ఆసుపత్రిలో పిల్లల ఐక్యూ పరీక్షలు, తాగుడు, ఓసీడీ, పరీక్షల భయం అన్నీ చూస్తూ, మిగిలిన రెండు రోజులు ఒక న్యూరాలజిస్టు దగ్గర కూర్చునేదాన్ని. ఇప్పుడు ఆ లెక్క తిరగబడింది. అరవై దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి, అంటే దేశం మొత్తం మీద 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అంచనా చెబుతోంది. అంతమంది ఉన్నా, మా వద్దకు పంపించాలన్న ఆలోచన ఉన్న వైద్యులు తక్కువ. కొత్తగా వచ్చేవారు రోగుల కోసం వెతుక్కునే ముందు అలాంటి వైద్యుడిని ఒక్కరిని వెతుక్కోవాలి.


జవాబు 2: బ్రాడీపేట వాసి

నేను వైద్య రంగం వాడిని కాను, బ్యాంకులో చేసి రిటైరయ్యాను. మా నాన్నగారికి చివరి ఐదేళ్ళు అల్జైమర్స్ ఉండేది. సైకాలజిస్టు ఏం చేస్తారన్న ప్రశ్నకు రోగి తరఫు నుంచి కూడా ఒక జవాబు ఉండాలని రాస్తున్నాను.

మా అమ్మ పోయిన ఆరేళ్ళకు నాన్న "మీ అమ్మ ఏదిరా?" అని అడగడం మొదలుపెట్టారు. అబద్ధం ఆడకూడదని "అమ్మ పోయింది కదా నాన్నా" అనేవాణ్ణి. ఆయన ఆ క్షణమే విన్నట్టు కుప్పకూలి ఏడ్చేవారు, అరగంటకు మరిచిపోయి మళ్ళీ అడిగేవారు. ఒకే మనిషికి రోజుకు నాలుగైదుసార్లు భార్య చావు కబురు చెప్పాను. ఇప్పుడు ఈ వాక్యం రాస్తుంటే కూడా చేయి ఆడటం లేదు.

డాక్టరుగారు విజయవాడలో ఒక క్లినికల్ సైకాలజిస్టును చూడమన్నారు. ముప్పై నిండాయో లేదో అన్నట్టున్న అమ్మాయి. మందు రాయని మనిషికి ఫీజెందుకని నేను ఆసుపత్రి మెట్ల మీద గొణుగుకున్న మాట నిజం. ఆమె మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న, "ఏ వేళకు అడుగుతారండీ?" అని. మాకు తెలియదు. రెండు వారాలు నోటు పుస్తకంలో రాయమన్నారు. రాస్తే, పదింట ఏడుసార్లు సాయంత్రం నాలుగున్నరకు అటూ ఇటూగా అడుగుతున్నారని తేలింది. అది మా అమ్మ ఆయనకు కాఫీ ఇచ్చే వేళ. మేము ఐదుంపావుకు, మా కోడలు ఆఫీసు నుంచి వచ్చాక, అందరికీ కలిపి పెట్టేవాళ్ళం. ఆ అమ్మాయి చెప్పినట్టు నాలుగుంపావుకే, పింగాణీ కప్పులో కాకుండా పాత స్టీలు గ్లాసు డబరాలో కాఫీ పోసి ఇవ్వడం మొదలుపెట్టాం. అయినా అడిగితే, ఉందనీ లేదనీ అనకుండా "అమ్మ కాఫీలో చక్కెర ఎంత వేసేది నాన్నా?" అని ఆవిడ గురించే మాట్లాడమన్నారు. ఆయన మొహం విప్పారేది. ఆ ప్రశ్న పూర్తిగా పోలేదు. ఏడుపు మాత్రం చాలా తగ్గింది.

ఇంకొక మాట. నలభై నిమిషాల పాటు ఆ సైకాలజిస్టు నాన్నతో కాకుండా మా ఆవిడతో ఒంటరిగా మాట్లాడారు. నాన్నను ఎత్తి కూర్చోబెట్టడం, పంచె మార్చడం అంతా మా ఆవిడే. "మీరు చివరిసారి రాత్రంతా నిద్రపోయింది ఎప్పుడండీ?" అని ఆమెను అడిగారట. ఆ ప్రశ్న నేను అడిగి ఉండవలసింది. ఆ తర్వాతే రాత్రిపూటకు ఒక మనిషిని పెట్టుకున్నాం. ఫీజు విషయంలో నేను మళ్ళీ గొణగలేదు.


జవాబు 3: టైన్ తీరాన

వంశధార గారూ, బయటి దేశాల మాట ఎవరూ ఎత్తలేదు కనుక క్లుప్తంగా రాస్తాను. నేను ఇంగ్లండు ఉత్తరాన ఒక మెమరీ సర్వీసులో, అంటే మతిమరుపు ఉన్నవారిని చూసే విభాగంలో పనిచేస్తున్నాను. ఇక్కడ క్లినికల్ సైకాలజిస్టు అనే బిరుదుకు చట్టరక్షణ ఉంది. ఆరోగ్య వృత్తుల నియంత్రణ మండలి హెచ్‌సీపీసీ రిజిస్టరులో లేనివారు ఆ పేరు వాడరాదు. ఇక్కడి దారి మూడేళ్ళ డాక్టరేటు, ఆ మూడేళ్ళూ ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ జీతం ఇచ్చి చదివిస్తుంది. అందుకే పోటీ విపరీతం, విదేశీయులకు ఆ జీతపు సీట్లు దొరకడం ఇంకా కష్టం. భారతదేశంలో శిక్షణ పూర్తి చేసుకుని, అనుభవంతో హెచ్‌సీపీసీకి నేరుగా దరఖాస్తు చేసుకున్నవారు నాకు తెలుసు. కాబట్టి ముందు అక్కడి చదువును గట్టిగా పూర్తి చేయమనే నా సలహా.

ఇక్కడ ఉన్నంతలో మీకు పనికివచ్చేది ఒకటుంది. కాగ్నిటివ్ స్టిమ్యులేషన్ థెరపీ అని, ఏడు వారాల పాటు వారానికి రెండుసార్లు, మొత్తం పద్నాలుగు సెషన్ల బృంద కార్యక్రమం. తొలి, మధ్య దశల్లో ఉన్నవారికి దీన్ని చికిత్సల మీద మార్గదర్శకాలు ఇచ్చే ఇక్కడి నైస్ సంస్థ 2018లో సిఫారసు చేసింది. పాటలు, వంటలు, వార్తలు, డబ్బు లెక్కలు ఇలా రోజుకొక అంశం తీసుకుని అభిప్రాయాలు అడుగుతాం తప్ప జ్ఞాపకాన్ని పరీక్షించం. తేడా చిన్నదిగా కనిపిస్తుంది. "ఇది ఏ ఊరి ఫోటో?" అని అడిగితే మనిషి తడబడి ముడుచుకుపోతాడు, "ఈ ఊళ్ళో ఉండటం మీకు ఇష్టమేనా?" అంటే ఎవరైనా ఏదో ఒకటి చెప్పగలరు. చెన్నైలో దీన్ని తమిళానికి అనువుగా మలిచారు. మన వాళ్ళ బృందానికి బియ్యం ఏరడం, విస్తరి కుట్టడం, దివిసీమ ఉప్పెన నాటి మాటలు పనికివస్తాయని నాకు అనిపిస్తుంది.

భాష గురించి కూడా చెప్పాలి. మా సర్వీసుకు నలభై ఏళ్ళుగా ఇక్కడ ఉన్న ఒక తెలుగు పెద్దాయనను తీసుకువచ్చారు. కేర్ హోమ్ వాళ్ళు ఆయన "అర్థం లేని శబ్దాలు" చేస్తున్నారని రాశారు. నేను వెళ్ళి కూర్చున్నాను. ఆయన స్పష్టమైన గోదావరి జిల్లా తెలుగులో, తనకు దాహంగా ఉందనీ, ఇచ్చిన నీళ్ళు మరీ చల్లగా ఉన్నాయనీ అంటున్నారు. తర్వాత నేర్చిన భాష ముందుగా జారిపోవడం ఈ జబ్బులో మేము చూస్తూనే ఉంటాం. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు సుమారు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయని 2013లో ప్రకటించింది. ఆ తేడా చదువు రాని వారిలోనూ కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన ఆ నగరంలోనే అలాంటి పరిశోధన వీలైంది. ఇక్కడి నా సహోద్యోగులు ఆ పేరు చెప్పి నన్ను ప్రశ్నలు అడుగుతుంటారు.


జవాబు 4: రెండో ఏడు

నేను ప్రస్తుతం ఎమ్.ఫిల్. రెండో సంవత్సరంలో ఉన్నాను. పెద్దల మాటలతో ఒక్క చోట విభేదిస్తున్నాను. వంశధార గారు ఇప్పుడే "నేను డిమెన్షియా సైకాలజిస్టును" అని నిర్ణయించుకుని శిక్షణలోకి రావడం మంచిది కాదని నా అభిప్రాయం. ఈ రెండేళ్ళూ వార్డులో మీకు ఎక్కువగా ఎదురయ్యేది స్కిజోఫ్రీనియా, బైపోలార్, మద్యం, పిల్లల సమస్యలు. వృద్ధుల కేసులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ముందే మనసు ఒకచోట కట్టేసుకున్నవారు మిగతా పోస్టింగులను శిక్షగా భరించడం నేను చూశాను. అదే సమయంలో డెలీరియంను (ఉన్నట్టుండి మతి గందరగోళం కావడం), ముసలితనంలో మొదలైన సైకోసిస్‌ను (లేనివి ఉన్నట్టు తోచడం), డిమెన్షియాను విడదీసి చెప్పగలగాలంటే ఆ మిగతా పోస్టింగులే ఆధారం. మీకు నచ్చిన పనికి థీసిస్ రూపంలో చోటు దొరుకుతుంది. నాది చూసుకునేవారి భారం మీద. జారిట్ ప్రశ్నావళి పట్టుకుని కూర్చుంటే, కోడళ్ళు మొదటి పది ప్రశ్నలకూ "అదేం లేదండీ, మా బాధ్యతే కదా" అంటారు. పెన్ను మూతపెట్టి లేవబోతుంటే అసలు సంగతి చెబుతారు. కాబట్టి పెన్ను కాస్త ముందుగానే మూతపెట్టడం నేర్చుకున్నాను.

రాత్రి చదువు, పగలు వార్డు, వారానికి కేసు ప్రెజెంటేషన్లు, సూపర్‌వైజరు చివాట్లు, ఆరోగ్యం చూసుకోండి. ఇంతకు మించి శిక్షణ గురించి ఇక్కడ రాస్తే ఫిర్యాదు అవుతుంది.


మళ్ళీ వంశధార

అందరికీ కృతజ్ఞతలు. బ్రాడీపేట వాసి గారూ, మీ జవాబు మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె ఏమీ అనలేదు, కాసేపటికి లేచి వెళ్ళి నాయనమ్మ పక్కన కూర్చుంది.

సీటు వచ్చేలోపు నాకు కనీసం ఒక ఏడాది ఖాళీ ఉంటుంది. ఈలోగా ఏం చేయాలి? నాయనమ్మకే ఆ తెలుగు పరీక్ష నేనే మళ్ళీ చేసి చూడవచ్చా? నా నాలుగో ప్రశ్నకు కూడా ఎవరైనా చెబుతారా?


జవాబు 5: మూసీ ఒడ్డున

చేయవద్దమ్మా. శిక్షణ లేకుండా చేసిన పరీక్షకు విలువ లేదన్నది ఒక కారణం. అంతకంటే, మనుమరాలిగా పక్కన కూర్చోవలసిన మనిషి కాగితం పట్టుకుని ఎదురుగా కూర్చుంటే ఆమెకు ఒక ఆసరా తగ్గిపోతుంది. మళ్ళీ పరీక్ష కావాలనిపిస్తే విశాఖలోనే మరొక న్యూరాలజిస్టు ద్వారా చేయించండి. కంటి శుక్లాలు, చెవుడు సంగతి ముందు చూపించుకుని వెళ్ళండి. వినపడని ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతే అది మరుపు కిందే జమ పడిపోతుంది.

రెండో ఏడు గారితో నాకు పేచీ లేదు, ఆ మాట నేనే ముందు చెప్పి ఉండవలసింది.

నాలుగో ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఇది. మా అమ్మమ్మకు కూడా ఈ జబ్బే. శిక్షణలో మొదటి ఏడాది ప్రతి ముసలమ్మలోనూ ఆవిడే కనిపించేది, అందువల్ల ఒక కోడలిని నేను అన్యాయంగా అపార్థం చేసుకున్నాను. ఆమె అత్తగారికి అన్నం తినిపించడం లేదని మనసులో తీర్పు ఇచ్చేశాను. అసలు విషయం ఏమిటంటే ఆ అత్తగారికి మింగుడు పడటం లేదు, పొరపోతోందన్న భయంతో ఆ కోడలు తగ్గించి పెడుతోంది. మా సూపర్‌వైజరు అది గమనించి, రోగి గురించి కాకుండా నా గురించి ఒక గంట మాట్లాడించారు. కారణం తప్పా ఒప్పా అన్నది అక్కర్లేదు, దాన్ని ఎవరో ఒక అనుభవజ్ఞురాలి ముందు ఎప్పటికప్పుడు బయట పెడుతూ ఉంటే చాలు. మీ విషయంలో ఆ ప్రమాదం కోడలి వైపు కాక అత్తగారి వైపు ఉండవచ్చు, మీ అమ్మగారి కన్నీళ్ళు చూశారు కనుక.

ఈ ఏడాదికి చెప్పాలంటే, వారానికి రెండు పూటలు ఒకే వృద్ధాశ్రమానికో డే కేర్‌కో ఏడాది పొడవునా వెళ్ళండి, పది చోట్లకు పది రోజులు కాదు. హైదరాబాద్ రాగలిగితే అల్జైమర్స్ సంఘం ఏఆర్‌డీఎస్‌ఐకి ఇక్కడ శాఖ ఉంది. 1992లో కేరళలో పుట్టిన ఆ సంస్థ కుటుంబాలతో పనిచేయడం ఎలా ఉంటుందో చూపిస్తుంది. వెళ్ళిన చోట సలహాలు ఇవ్వకండి. భోజనాల వేళ, సాయంత్రం దీపాలు పెట్టే వేళ కూర్చుని చూడండి. సంధ్య వేళకు "ఇంటికి పోతాను, మా అమ్మ ఎదురు చూస్తుంది" అని లేచే పెద్దవాళ్ళను చూస్తారు. ఆయాలు వాళ్ళను ఎలా మాటల్లో పెడతారో గమనించండి, వాళ్ళలో కొందరికి మనకంటే బాగా తెలుసు. నేను నేర్చుకున్నదాంట్లో చాలా భాగం పదో తరగతి దాటని ఒక ఆయా దగ్గర నేర్చుకున్నదే.

కుటుంబాలు ఫోను నంబర్లు అడుగుతాయి. మానసిక ఆరోగ్య సహాయానికి టెలీమానస్ 14416, వృద్ధుల సహాయానికి 14567. ఇవి రెండూ నోటికి వచ్చి ఉండాలి.

శిక్షణలో చేరాక మీ సంచిలో పరీక్ష కాగితాలతో పాటు నా సంచిలో ఉన్నవి కూడా పెట్టుకోండి: మూడు పవర్లలో చదువుకునే కళ్ళద్దాలు, చెవి దగ్గర పెట్టి మాట్లాడటానికి చిన్న యాంప్లిఫయరు, పాత పది రూపాయల నోట్లూ చిల్లరా, తిథులున్న తెలుగు క్యాలెండరు. తారీఖు ప్రశ్న అయ్యాక ఆ క్యాలెండరు తీసి, మీ నాయనమ్మ గారి జవాబు లాంటిది వస్తే, మార్జిన్‌లో రాసుకోండి.